సందులో కాపురం



కిందటేడు వానాకాలంలో ఒక లెక్కల మాస్టారు మా క్లినిక్‌కి వచ్చారు. రిటైరై పదేళ్ళు దాటింది. కుర్చీలో వెనక్కి వాలుతూనే, "అమ్మా, నొప్పి లేదు, వాపు లేదు. కాని నోట్లో ఏదో చచ్చి పడుంది. ఎక్కడుందో నువ్వే వెతకాలి" అన్నారు. ఇంట్లో ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదట. "మా ఆవిడ మొహం మీద అనదు. నేను దగ్గరికొచ్చి మాట్లాడ్డం మొదలెడితే లేచి ఫ్యాను స్పీడు పెంచుతుంది. నాలుగు రోజులు చూశాక లెక్క తేలిపోయింది."

వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. కింది దవడలో కుడివైపు, ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో వేయించుకున్న ఇంప్లాంట్ పన్ను ఒకటుంది. రెండు పనిముట్ల మధ్య పట్టి అటూ ఇటూ ఆడిస్తే పై క్యాపు కనీ కనపడకుండా కదిలింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలో ఉన్న భాగం మాత్రం గట్టిగానే ఉంది. క్యాపు నెత్తిన పూసిన ఫిల్లింగు తవ్వి, దాని కింద కుక్కిన తెల్లటి టేపు ముక్కను లాగి, లోపలి బుల్లి స్క్రూకి డ్రైవరు తగిలించాను. రెంచి పెడితేగాని కదలకూడని స్క్రూ నా వేళ్ళ చివరలతోనే తిరిగిపోయింది. రెండు చుట్లు, మూడు చుట్లు. క్యాపు చేతికొచ్చింది. దాంతోపాటే వాసన. కుళ్ళిన కోడిగుడ్డూ మురిగిన నీళ్ళూ కలిపినట్టు. పక్కన నిలబడ్డ మా సిస్టర్ ఒకడుగు వెనక్కి వేసింది. మాస్టారు మాత్రం ఆన్సరు కుదిరిన పిల్లాడిలా, "అదేనమ్మా! అదే!" అన్నారు.

రేడియోలో వాసన వినిపించలేను. అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పగలను.

ఇంప్లాంట్ అంటే మన జనం ఒకే వస్తువనుకుంటారు. "స్క్రూ పన్ను" అని ఒక్క మాటలో అనేస్తారు. నిజానికి అది మూడంతస్తుల కట్టడం. అడుగున దవడ ఎముకలోకి దింపిన టైటానియం మర ఉంటుంది. అసలు ఇంప్లాంట్ అదే. పైన మనకు కనిపించే పన్ను, అంటే క్యాపు. ఈ రెంటినీ కలిపే నడిమి ముక్క పేరు అబట్‌మెంట్. కింది మర లోపల బోలుగా ఉంటుంది. అబట్‌మెంట్‌ని దాని మూతి మీద కూర్చోబెట్టి, మధ్యలోంచి సన్నటి స్క్రూ ఒకటి దింపి బిగిస్తాం. లోహం మీద లోహం కూర్చున్నచోట అతుకు, అతుకన్నాక సందు తప్పదు.

ఎంత సందు? మంచి మిషను మీద కోసిన ముక్కలైతే 1 మైక్రాను నుంచి 10 మైక్రాన్ల వరకూ ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే ఈ సందులో వెంట్రుక కూడా దూరదు. ఇంకేం, భేషుగ్గా ఉందిగా అనిపిస్తుంది. కాని నోట్లో ఉండే సూక్ష్మజీవుల్లో చాలావాటి సైజు మైక్రానుకి అటూ ఇటూ. ఆ జీవిని అయిదడుగుల మనిషి అనుకోండి. అప్పుడు 10 మైక్రాన్ల సందు యాభై అడుగుల వెడల్పు అవుతుంది. మనకది సందేమో గాని, వాటికి బందరు రోడ్డు.

ఆ రోడ్డున పడి లోపలికి వెళ్తే ఏముంటుంది? స్క్రూ చుట్టూ, దాని అడుగునా ఖాళీ జాగా. ఒంటి వేడి ఎలాగూ ఉంది, తడి ఉంది, చీకటి ఉంది, గాలి లేదు. ఉమ్మి ఊరుతూ ఉంటుంది గనుక తిండికీ లోటు లేదు. గాలి ఆడనిచోట బతికే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబ్యాక్టీరియం లాంటి జాతులకు ఇంతకంటే మంచి కాపురం దొరకదు. అవి ఉమ్మిలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువుల్ని వదులుతాయి. మాస్టారి నోట్లో చచ్చి పడున్నది అదే. అక్కడికి బ్రష్షు పోదు, పుక్కిలించిన మందు పోదు. యాంటీబయాటిక్ మాత్రలు మింగినా లాభం లేదు. మాత్ర రక్తంలో కలిసి ప్రయాణం చేస్తుంది, టైటానియం లోపల రక్తనాళాలు ఎక్కడివి? మన తెల్ల రక్తకణాలు కూడా గుమ్మం దాకా వచ్చి ఆగిపోవాల్సిందే. ఈ "గుమ్మం దాకా వచ్చి" అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

అసలు రెండు ముక్కలుగా చేయడం ఎందుకు, ఒకటే ముక్కగా చేస్తే పోయేది కదా అని మాస్టారు అడగనే అడిగారు. దానికి స్వీడన్ దాకా వెళ్ళాలి. 1952లో లూండ్ నగరంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చి, మూలుగలో రక్తం ఎలా పారుతోందో మైక్రోస్కోపులో చూస్తున్నాడు. పని అయ్యాక గొట్టం ఊడదీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని సొంతం చేసుకుంది. ఆయన దంతవైద్యుడు కాదు, ఆయన చూస్తున్నది పళ్ళ గురించీ కాదు. అయినా 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్తా లార్షన్ అనే మనిషి దవడలో ఆ టైటానియం మరలు బిగించాడు. పుట్టుకతోనే దవడ వంకరగా ఉండి, పళ్ళు లేక అవస్థ పడుతున్న మనిషి లార్షన్.

బ్రోనెమార్క్ చాలా జాగ్రత్త మనిషి. మర దింపాక దానిమీద చిగురు కప్పి కుట్టేసి, కింది దవడకైతే మూడు నెలలు, పై దవడకైతే ఆరు నెలలు కదిలించకుండా ఉంచాలన్నాడు. నోట్లోని క్రిములు దాని జోలికి రాకూడదు, నమలడం బరువు దానిమీద పడకూడదు. ఎముక పట్టాక చిగురు తెరిచి, అప్పుడు పై ముక్క బిగించాలి. అంటే రెండు ముక్కలు తప్పవు. ఇందులో ఒక వింత ఉంది. క్రిముల్ని దూరం పెట్టడానికి పుట్టిన అతుకే ఆ తరవాత క్రిములకు ఇల్లయింది.

దీన్ని ఎవరూ పట్టించుకోలేదని కాదు. 1993లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో కిరినెన్, వాన్ స్టీన్‌బర్గ్ అనే ఇద్దరు రోగుల నోళ్ళలోంచి అబట్‌మెంట్లు విప్పి, లోపలి స్క్రూల చివర్లు పరీక్షిస్తే క్రిములు దండిగా దొరికాయి. 1997లో జర్మనీ పరిశోధకులు యాన్సెన్, కాన్రాడ్స్, రిష్టర్ ఇంకాస్త గట్టి పరీక్ష పెట్టారు. మార్కెట్లో దొరికే 13 రకాల జతలు తీసుకున్నారు. ఒక్కోదాని కడుపులో ఇ. కోలై క్రిముల చుక్క వేసి, అబట్‌మెంట్ బిగించి, క్రిములు లేని పోషక ద్రవంలో ముంచారు. అతుకు నిజంగా మూసుకుంటే ద్రవం తేటగా ఉండాలి. కారితే మబ్బుపడుతుంది. సందులన్నీ 10 మైక్రాన్ల లోపే. అయినా అన్ని రకాల్లోనూ లీకు కనబడింది.

మన ఇళ్ళలో ఈ పరీక్ష ఏటా జరుగుతూనే ఉంటుంది. ఆవకాయ జాడీకి మూత పెట్టి వదిలేయం, పైన గుడ్డ వేసి వాసెన కడతాం. మూత మూసుకుందని మన కంటికి కనబడినంత మాత్రాన గాలికీ బూజుకూ మూసుకున్నట్టు కాదని మన అమ్మమ్మలకు మైక్రోస్కోపు లేకుండానే తెలుసు.

సరే, క్రిములు ఉన్నాయి. ఉంటే ఏమవుతుంది? ఇందాకటి గుమ్మం దగ్గరికి వద్దాం. సందులోంచి బయటికి వచ్చే క్రిములూ వాటి విషాలూ చిగురుకి తగులుతాయి. క్రిమి పట్టని సందులోంచి కూడా దాని గోడలోని విషపదార్థం పడుతుంది, అది అణువు సైజు వస్తువు. శరీరం ఊరుకోదు. తెల్ల కణాలు వచ్చి ఆ అతుకు చుట్టూ మోహరిస్తాయి. ఆ పోట్లాట జరిగేచోట ఎముక నిలవదు. చెత్తకుండీ పక్కన ఎవరూ కాపురం పెట్టరు కదా, ఎముకా అంతే, కాస్త కిందికి జరుగుతుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో హెర్మన్, కాక్రన్ బృందం 1990లలో కుక్కల దవడల్లో రకరకాల ఎత్తుల్లో ఈ అతుకును ఉంచి చూసింది. అతుకు ఎక్కడుంటే ఎముక అక్కడికి సుమారు 2 మిల్లీమీటర్లు కిందికి దిగి ఆగింది. అతుకే లేని ఒంటిముక్క ఇంప్లాంట్ల దగ్గర అలా దిగలేదు. బిగించిన మొదటి ఏడాది ఎముక మిల్లీమీటరున్నర దాకా తగ్గడం మామూలే అని మా పుస్తకాలు చాలాకాలం రాసుకుంటూ వచ్చాయి. ఆ మామూలు వెనక ఈ సందు హస్తం కూడా ఉందని తేలింది.

అదే బృందం 2001లో ఇంకో పని చేసింది. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో కీలకం అదే. కొన్ని జతల్లో సందు 10 మైక్రాన్ల కంటే తక్కువ, కొన్నిట్లో 50, కొన్నిట్లో 100. ప్రతి సైజులోనూ సగం జతలకు పై ముక్కను కింది ముక్కకు లేజరుతో అక్కడక్కడా అతికించేశారు. సందు అలాగే ఉంటుంది గాని ముక్క కదలదు. మిగతా సగం మామూలుగా స్క్రూతో బిగించారు. సందు పెద్దదైతే ఎముక ఎక్కువ పోతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. అతికించినచోట సందు పెద్దదైనా ఎముక పెద్దగా దిగలేదు. స్క్రూతో బిగించినచోట సందు చిన్నదైనా దిగింది. తేడా సందు వెడల్పులో లేదు, కదలికలో ఉంది.

ఎందుకంటే మనం నమిలినప్పుడల్లా బరువు ఒకవైపు పడి, రెండోవైపు సందు కంటికి ఆననంత తెరుచుకుంటుంది. పన్ను లేపగానే మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడు ఉమ్మిని పీల్చుతుంది, మూసుకున్నప్పుడు లోపలి మురికిని కక్కుతుంది. చేతిపంపు కొట్టినట్టే. ముద్ద ముద్దకీ ఒక కొట్టు. స్క్రూ వదులైతే ఆ పంపు ఇంకా జోరుగా ఆడుతుంది. మాస్టారు ఆరేళ్ళుగా ఆ పంపు కొడుతూ వచ్చారు. ఆయనకు సాయంత్రం పూట చెక్కలు, జంతికలు లేనిదే టీ దిగదు మరి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇదంతా విని ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్ళు హడలిపోనక్కర్లేదు. ఆ యోస్తా లార్షన్ సంగతి చూడండి. 1965లో వేసిన ఇంప్లాంట్లు 2006లో ఆయన పోయేదాకా నలభై ఏళ్ళకు పైగా పనిచేశాయి. సందు ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ ఊడిపోదు. చాలామందిలో ఎముక ఆ 2 మిల్లీమీటర్లు దిగి, రాజీపడి, అక్కడే కూర్చుంటుంది. చుట్టపొగ, అదుపులేని షుగరు, అంతకుముందే ఉన్న చిగుళ్ళ జబ్బు, క్యాపు అంటించినప్పుడు చిగురు కిందికి జారిన సిమెంటు, ఇవన్నీ ఇంప్లాంట్‌కి ఇంతకంటే పెద్ద శత్రువులు. మా వాళ్ళు కొందరు మాత్రం ఇంప్లాంట్ పాడైన ప్రతిసారీ నేరం ఈ సందు మీదికే నెట్టేస్తారు. నాకు అది కొంచెం అన్యాయంగానే తోస్తుంది. సందు మాట్లాడదు కదా.

అలాగని కంపెనీలు చేతులు కట్టుకు కూర్చోలేదు. బెర్న్‌లో ఆండ్రె ష్రోడర్ బృందం 1970లలోనే అతుకును ఎముక దగ్గర కాకుండా చిగురు పైకి తెచ్చేసింది. చెత్తకుండీని తీసేయలేం గాని, వీధి చివరికి జరపగలం అన్నట్టు. మొదటి ఇంప్లాంట్ల మూతి మీద 0.7 మిల్లీమీటర్ల ఎత్తున ఆరుపలకల గడి ఉండేది. అది మరను ఎముకలోకి తిప్పడానికి రెంచి పట్టుకోసం పెట్టింది. ఒంటి పన్ను కట్టడం మొదలయ్యాక దాన్నే ఆధారం చేసుకున్నారు, స్క్రూలు వదులవడం మొదలైంది. దాంతో అతుకును లోపలికి మళ్ళించారు, ఆ తరవాత శంఖు ఆకారం ఇచ్చారు. పాతకాలపు అత్తరు సీసాల గాజు బిరడా చూసే ఉంటారు. కిందికి సన్నబడుతూ వస్తుంది, ఒకసారి నొక్కితే సీసా మూతికి కరుచుకుని ఊడిరాదు. అదే సూత్రం. మాసచుసెట్స్‌లో స్టీఫెన్ మోర్స్ అనే మెకానిక్ 1860లలో డ్రిల్లు బిట్టును మిషనుకి పట్టించడానికి వాడిన శంఖు పట్టే ఇప్పుడు మా నోటి పనిలోకి వచ్చింది. మేం దాన్ని ఇప్పటికీ మోర్స్ టేపర్ అనే పిలుస్తాం. వీటిలో కదలిక తక్కువ, లీకూ తక్కువే. లీకే లేదని మాత్రం నేను అనను, అమ్మేవాళ్ళు అంటారు.

ఇంకో ఉపాయం అనుకోకుండా దొరికింది. 1991లో 5 మిల్లీమీటర్ల వెడల్పు ఇంప్లాంట్లు వచ్చాయి గాని, వాటికి సరిపడే పై ముక్కలు ఇంకా రాలేదు. డాక్టర్లు ఉన్నవాటితోనే సరిపెట్టుకుని 4.1 మిల్లీమీటర్ల ముక్కలే బిగించారు. ఏళ్ళు గడిచాక ఎక్స్‌రేలు చూస్తే ఆ కేసుల్లో ఎముక దిగాల్సినంత దిగలేదు. అతుకు అంచు నుంచి లోపలికి జరిగింది గనుక, మురికికీ ఎముకకూ మధ్య కాస్త అరుగు మిగిలింది. లజారా, పోర్టర్ 2006లో ఈ సంగతి రాశాక, సరుకు దొరక్క చేసిన సర్దుబాటు కాస్తా డిజైను అయి కూర్చుంది.

రోగులు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. ఏ కంపెనీది, ఎంతవుతుంది. ఏ దేశంది అని కూడా అడుగుతారు. పై ముక్క కింది ముక్కకు సరిజోడేనా, స్క్రూ ఎంత బిగించారు అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నిజానికి నాలుగు డబ్బులు మిగిల్చుకోవడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. కింద పేరున్న ఇంప్లాంట్, పైన దాని "కంపాటిబుల్" ముక్క. కొన్ని బాగానే కుదురుతాయి. కొన్ని చూపుకి కుదిరినట్టుండి, మైక్రాన్ల లెక్కలో కుదరవు. బండి నాణ్యమైనదే, సీల మాత్రం చేతికందిన మేకు.

బిగించడం గురించి కూడా చెప్పాలి. చాలా ఇంప్లాంట్లకు 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు కావాలంటారు. సెంటీమీటరు పొడవు పిడికి మూడున్నర కిలోల బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుడు బలం వస్తుందో అంత. ఉత్త వేళ్ళతో అందులో మూడోవంతు దరిదాపుల్లో ఆగిపోతాం. అందుకే లెక్క చూపించే రెంచి వాడతాం. ఆ బిగువుకి స్క్రూ వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన రబ్బరు బ్యాండు వెనక్కి లాగినట్టు, అది రెండు ముక్కల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. అయితే కొత్త మరల మీద కంటికి కనబడని గరుకు ఉంటుంది. ఆ గరుకు నలిగి చదును కాగానే బిగువు కొంత, నూటికి రెండు నుంచి పది పాళ్ళ దాకా సడలుతుంది. ఇది మొదటి కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది. కాబట్టి ఒకసారి బిగించి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ బిగించాలి. హడావిడి క్లినిక్‌లో ఆ పది నిమిషాలే ముందు ఎగిరిపోతాయి. నేనూ మొదట్లో ఎగరగొట్టిన దాన్నే.

సెలవులకు వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంప్లాంట్లు వేయించుకుని అమెరికా వెళ్ళిపోయే మన పిల్లలకు ఒక్క మాట. మీ నోట్లో ఉన్నది ఏ కంపెనీది, ఏ మోడలు, ఎంత వెడల్పు అని రాసిన కార్డు డాక్టరు దగ్గర అడిగి తీసుకోండి. అక్కడ స్క్రూ వదులైతే, దాని తలకు సరిపోయే డ్రైవరు ఏదో తెలియక అక్కడి డాక్టరు తల పట్టుకుంటాడు. అయిదు నిమిషాల పనికి క్యాపు కోసేయాల్సి వస్తుంది.

మళ్ళీ మాస్టారి దగ్గరికి. క్యాపునీ అబట్‌మెంట్‌నీ శుభ్రం చేశాను. ఇంప్లాంట్ లోపల క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, ఆరబెట్టి, అదే మందు జెల్లు ఒక చుక్క వేశాను. ఆ జెల్లు కొన్నాళ్ళు కాపలా కాస్తుందంతే, శాశ్వతం కాదు. పాత స్క్రూ మళ్ళీ వాడలేదు. ఒకసారి సాగి వదులైన స్క్రూను నమ్మకూడదు. అదృష్టం కొద్దీ ఆయన ఆరేళ్ళనాటి కార్డు బీరువాలో బ్యాంకు పాసుబుక్కుతో పాటు దాచారు. దాన్ని బట్టి సరిజోడు స్క్రూ తెప్పించి, రెండోసారి రమ్మన్నాను.

ఆ రోజు స్క్రూ దింపి రెంచి పెట్టి బిగించాను. గీత 35 మీదికి వచ్చింది. రెంచి తీసేసి కుర్చీ కాస్త పైకి లేపాను.

"అయిపోయిందా?"

"లేదు మాస్టారూ, పది నిమిషాలు ఆగాలి."

"ఎందుకూ?"

గరుకు నలగడం గురించి చెప్పాను. ఆయన నమ్మలేదు. "ముప్ఫై అయిదు దాకా బిగించాక మళ్ళీ బిగిస్తే ముప్ఫై అయిదే కదమ్మా వచ్చేది. స్క్రూ ఎందుకు తిరుగుతుంది?" అన్నారు. లెక్కల మాస్టారాయె. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. పాత స్క్రూను దూదిలో పెట్టి ఇస్తే, కళ్ళజోడు పైకెత్తి వెలుతురులో దాని మరలు లెక్కపెట్టారు.

పది నిమిషాలయ్యాక రెంచి మళ్ళీ తగిలించి, అద్దం ఆయన చేతికిచ్చాను. పిడి మీద వేలు పెట్టి నెమ్మదిగా లాగాను. గీత ముప్ఫై అయిదుకి చేరకముందే స్క్రూ కొంచెం తిరిగింది. గోరంత. ఆయన అద్దంలో చూస్తున్నారు. ఇద్దరికీ కనబడింది.